లిఫాఫా లేని మాట: అర్జీ ఖానాల నుంచి క్యూఆర్ కోడ్ దాకా

మొన్నటి రంజాన్ ఇరవై ఆరో రోజా. మగ్రిబ్ నమాజ్ అయిపోయి అందరూ గంజి గిన్నెల ముందు కూర్చున్నారు. కర్నూలులో మా మొహల్లా మస్జిద్ హిసాబ్ రాసే మున్షీ సాబ్ నన్ను వజూఖానా పక్కకు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. బ్యాంకు స్టేట్‌మెంటు.

"భాయ్, కడప నుంచి మీ ఖాలా ఐదు వేలు పంపించినారు గదా. కింద 'జకాత్' అని ఒక్క మాటే ఉంది. ఆమేమో ఫోన్ చేసి, మా ఫిత్రా గరీబోళ్లకు చేరిందా అని అడుగుతాండారు. ఇందులో ఫిత్రా యాడుంది?"

ఖాలా పంపిన ఐదు వేలలో 4,200 జకాత్, 800 ఇంట్లో ఎనిమిది మంది తరఫున ఫిత్రా. రెండూ ఒకే సంచిలో పడే డబ్బులు కావని మీకు తెలుసు. ఫిత్రా ఈద్ నమాజ్‌కు ముందే హఖ్‌దార్ చేతిలో పడాలి. జకాత్ హిసాబ్ వేరు, దాని రిజిస్టరు వేరు. పంపినవాళ్ల నియ్యత్ ఏమిటో మున్షీకి తెలిసేది ఆ కింద రాసిన ఒక్క మాట వల్లనే. ఆ మాట సగం తెగిపోయి వచ్చింది. ఖాలాది ఒక్కటే కాదు, ఆ నెలలో అదే లింకు నుంచి వచ్చిన ప్రతి పైసాదీ అదే హాలత్. ఈద్‌కు మూడు నాలుగు రోజులు కూడా లేవు.

ఆ లింకు చేసింది మా భాంజా. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పేరు, మొత్తం, దేనికోసం అని మూడు ఖానాలున్న చిన్న పేజీ తయారుచేశాడు. నింపి బటన్ నొక్కితే యూపీఐ లింకు పుడుతుంది, క్యూఆర్ కోడ్ కూడా వస్తుంది. మొహల్లా అంతా వాణ్ని మెచ్చుకుంది. ఇప్పుడు తలదించుకొని నిలబడ్డాడు.

"మామూ, కోడ్ సహీ హై. మైఁ దస్ బార్ చెక్ కర్యూఁ."

పది సార్లూ వాడు "జకాత్" అని ఒక్క మాట రాసి చెక్ చేశాడు. "జకాత్ & ఫిత్రా" అని ఒక్కసారీ రాయలేదు. తప్పంతా ఆ మధ్యనున్న "&" గుర్తుది. ఆ గుర్తు అక్కడికి ఎలా వచ్చింది, దానికి అంత హుకుం చలాయించే అధికారం ఎవరిచ్చారు అని వెతుకుతూ పోతే నాకు మా మర్హూమ్ అబ్బా అర్జీల బల్ల దాకా, అక్కడినుంచి ఇంకా వెనక్కి దారి కనిపించింది. ఆ తారీఖ్ మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

రోజూ చూస్తున్నా చదవని వాక్యం

టీ కొట్టులో, కూరగాయల బండి దగ్గర మీరు స్కాన్ చేసే ఆ నల్లచుక్కల చదరం లోపల ఉండేది ఒక వాక్యమే. దాన్ని మన అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

యూపీఐ://పే?పీఏ=ఖాతా పతా&పీఎన్=మస్జిద్ కమిటీ&ఏఎం=5000&సీయూ=ఐఎన్ఆర్&టీఎన్=జకాత్ & ఫిత్రా

అసలు రాత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. పీఏ అంటే డబ్బు ఎవరి పతాకు పోవాలో అది. పీఎన్ అంటే వాళ్ల పేరు. ఏఎం మొత్తం, సీయూ ఏ దేశపు సిక్కా, టీఎన్ కింద రాసే మాట. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016 ఏప్రిల్‌లో యూపీఐని మొదలుపెట్టినప్పుడు కొత్త భాషేమీ పుట్టించలేదు. వెబ్‌సైట్లు అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా వాడుతున్న పద్ధతినే తీసుకుంది. ఆ పద్ధతి పేరు క్వెరీ స్ట్రింగ్. మన మాటల్లో చెప్పుకుంటే, సవాళ్ల దండ.

దాని కాయిదా చిన్నది. "?" గుర్తు తర్వాత అసలు విషయం మొదలవుతుంది. ఒక ఖానాకూ ఇంకో ఖానాకూ మధ్య గోడ "&". ఖానా పేరుకూ అందులోని మాటకూ మధ్య తలుపు "=". చదివే యంత్రం ముందు గోడల దగ్గర ముక్కలు చేస్తుంది, తర్వాత ఒక్కో ముక్కను తలుపు దగ్గర విడదీస్తుంది.

ఇప్పుడు పై వాక్యాన్ని యంత్రంలా చదవండి. ఐదు ఖానాలు ఉండాల్సినచోట ఆరు వస్తాయి. ఐదో ఖానాలో "జకాత్". ఆరో ముక్క "ఫిత్రా", దానికి తలుపూ లేదు, లోపల మాటా లేదు. ఇలాంటి పేరున్న ఖానా నాకు తెలియదని యాప్ దాన్ని పారేసింది. యాప్‌ది తప్పు లేదు. ఖాలా నియ్యత్‌లో ఉన్న "&"కూ, గోడగా నిలబడ్డ "&"కూ తేడా చెప్పవలసిన పని లింకు కుట్టినవాడిది.

అబ్బా బల్ల

మా అబ్బా కర్నూలు కలెక్టరాఫీసు బయట ముప్పై ఏళ్లు అర్జీలు రాశారు. ఒక చెక్క బల్ల, ఒక బెంచీ, ఇంకు మరకలున్న చేతిరుమాలు. మాది ఉర్దూ మీడియం చదువు. బడి వదిలాక నేను ఆ బల్ల పక్కనే కూర్చొని తెలుగు రాత నేర్చుకున్నాను. తర్వాత తెలుగులో డిగ్రీ చదివానంటే దాని బునియాద్ అక్కడే పడింది.

వచ్చినవాళ్లు తమ గోడు ఏడుస్తూనో, తిడుతూనో, మూడు తరాల కథ కలిపో చెప్పేవాళ్లు. అబ్బా అంతా విని దాన్ని ఖానాల్లోకి దింపేవారు. పేరు, వల్ద్ ఎవరు, సాకిన్ ఎక్కడ, మౌజా ఏది, సర్వే నంబరు ఎంత, ఏం కావాలి. పాతకాలపు నమూనా అర్జీల్లో "ఫలానా వల్ద్ ఫలానా, సాకిన్ మౌజా ఫలానా" అని ఉండేది. ఆ "ఫలానా" తీసేసి మనిషి పేరు పెట్టడమే అర్జీ రాయడం. నేటి ప్రోగ్రామరు వేరియబుల్ అనేది మన ఫలానాకు ఇంగ్లీషు పేరే.

అబ్బా దగ్గర మూడు పట్టింపులు ఉండేవి. ఖాళీ ఖానాను ఖాళీగా వదలరు, అడ్డంగా ఒక గీత కొడతారు. మొత్తాన్ని అంకెల్లో రాసి, అక్షరాలా రాసి, చివర "మాత్రమే" అంటారు. మూడోది, ఎవరి మాటైనా ఉన్నదున్నట్టు రాయాల్సి వస్తే దానికి ముందూ వెనకా గుర్తులు పెట్టి కట్టేస్తారు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "ఎవరి మాట వాళ్ల ఖానాలోనే ఉండాల బేటా. పక్క ఖానాలోకి కారితే మనం రాసింది అర్జీ కాదు, జాల్‌సాజీ."

మా భాంజా చేసిన తప్పు సరిగ్గా ఈ మూడో పట్టింపు దగ్గరే.

మౌజా ఒక వైపు, మనిషి ఒక వైపు

అబ్బా వాడిన మాటలన్నీ ఆయన పుట్టించినవి కావు. అర్జీ, దస్తావేజు, రసీదు, జమాబందీ, ఫసలీ, తహసీల్దార్, ఈ ఫార్సీ అరబీ మాటలు ఈ రోజుకీ రాయలసీమ రైతు నోట్లో ఉన్నాయి. ఆ మాటల్లాడే మనిషి ఏ మజహబ్ వాడైనా కానీయండి.

ఆ కాలపు కాగితాల్లో ఊరిని చెప్పే పద్ధతి ఒకటుంది. పెద్దది సూబా, దాని కింద సర్కార్, దాని కింద పరగణా, అడుగున మౌజా. ఒకదాని కడుపులో ఒకటి. వరస మారితే మతలబే ఉండదు. కానీ మనిషి పేరు, వల్ద్, పేషా, ఫసలీ సన్, ఇవి అట్లా కాదు. ఏది ముందు రాసినా, ఏది వెనక రాసినా మతలబ్ మారదు, ఖానా పేరు పక్కన ఉంటే చాలు.

వెబ్ పతాకు కూడా ఇవే రెండు భాగాలు. "?"కు ముందుండేది పాత్, అంటే పరగణా, మౌజాలాగా మెట్లు మెట్లుగా దిగే దారి. దాని తర్వాతుండేది క్వెరీ, అంటే మెట్లు లేని ఖానాలు. 2005 జనవరిలో టిమ్ బర్నర్స్ లీ, రాయ్ ఫీల్డింగ్, లారీ మాసింటర్ పేర్లతో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3986 అనే దస్తావేజు ఈ తేడాను ఖుల్లంఖుల్లా చెబుతుంది. వాళ్లకు మన పరగణాల సంగతి తెలిసి కాదు. మనిషి ఎక్కడున్నా లెక్కలు రాయడానికి కూర్చుంటే ఇలాంటి పద్ధతే కుదురుతుంది.

నిజాం 1800లో కడప, బళ్లారి సీమల్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. కర్నూలు మాత్రం నవాబుల చేతిలో 1839 దాకా ఉంది. ఆ ఏడు నవాబ్ గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ గద్దె దింపి తీసుకుపోయింది. దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలం కొలిపించి, నంబర్లు వేయించి, రైతు పేరుతో రిజిస్టర్లు కట్టించాడు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఎవరి ఇనాం, ఏ పని కోసం ఇచ్చారు, ఎవరు ఇచ్చారు, ఇప్పుడు అనుభవంలో ఎవరున్నారు అన్నీ ఖానాలు గీసి రాశారు. దానిపేరు ఇనాం ఫెయిర్ రిజిస్టరు.

ఆ రిజిస్టరు విలువ మన బిరాదరీలో చెప్పాల్సిన పని లేదు. దర్గాకో, మస్జిద్‌కో, ఖాజీ ఖిద్మత్‌కో ఇచ్చిన భూమి గురించి తగాదా వస్తే వకీలు సాబ్ మొదట అడిగేది దాని నకలే. ఒక ఇనాం ఖిద్మత్ ఖానాలో ఉందా, మనిషి సొంత ఖానాలో ఉందా అన్నదాని మీద కోర్టుల్లో తరాలు నడిచాయి. ఖిద్మత్ కోసం ఇచ్చిందైతే అది సంస్థది, జాతీదైతే వారసులది. ఒక మాట పక్క ఖానాలో పడితే భూమి చేతులు మారుతుంది. ఖాలా ఎనిమిది వందల ఫిత్రా అదే రకం ముఖద్దమా, చిన్న సైజులో.

ప్లస్ గుర్తు ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పుడు కర్నూలు నుంచి స్విట్జర్లాండ్ పోదాం. సెర్న్ అనే పరిశోధనా సంస్థలో టిమ్ బర్నర్స్ లీ 1989లో వెబ్ ప్రతిపాదన రాశాడు. మొదటి రోజుల పేజీల్లో ఫారాలు లేవు. ఐఎస్ఇండెక్స్ అనే ఒక చిన్న ఆజ్ఞ ఉండేది. అది పేజీలో ఉంటే ఒకే ఒక్క ఖానా కనిపించేది. వెతకాల్సిన మాటలు అందులో రాస్తే బ్రౌజరు వాటిని పతా చివర "?" తగిలించి పంపేది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ జాగా పంపడం కుదరదు కాబట్టి అక్కడ "+" పెట్టేది. ఆ ప్లస్ ఇప్పటికీ పోలేదు.

తర్వాత ఒక్క ఖానా సరిపోలేదు. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ఎన్‌సీఎస్ఏ కేంద్రంలో మొజాయిక్ బ్రౌజరుకు ఫారాలు వచ్చాయి. అక్కడి సర్వరు మనుషులే సీజీఐ అనే పద్ధతి తెచ్చారు. ఫారం నింపినవాడి మాటలు, "?" తర్వాతున్నదంతా, క్వెరీ స్ట్రింగ్ అనే పేరుతో ప్రోగ్రాం చేతికి అందేవి. ఖానాలు ఎక్కువయ్యేసరికి గోడగా "&", తలుపుగా "=" స్థిరపడ్డాయి. 1995 నవంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0 దస్తావేజులో ఈ రివాజు కాగితం మీదికెక్కింది.

మరి నింపినవాడి మాటలోనే "&" ఉంటే? దానికి జవాబు 1994 డిసెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1738లోనే ఉంది. హుకుం ఉన్న గుర్తు మామూలు మాటగా రావాల్సినచోట దాన్ని లిఫాఫాలో పెట్టి పంపాలి. ఆ లిఫాఫా పేరు పర్సెంట్ ఎన్‌కోడింగ్. "%" రాసి, పక్కన ఆ గుర్తు నంబరును పదహారు అంకెల పద్ధతిలో రెండు అంకెలుగా రాస్తారు. "&"కు %26. ఖాళీ జాగాకు %20. "%"కే %25. చదివే యంత్రం ముందు గోడల దగ్గర విడగొట్టి, ఆ తర్వాతే లిఫాఫాలు విప్పుతుంది. కాబట్టి లోపలున్న "&" గోడ పని చేయలేదు. "జకాత్%20%26%20ఫిత్రా" అని పంపి ఉంటే ఖాలా నియ్యత్ సలామత్‌గా చేరేది.

కడప అనడానికి 27 గుర్తులు

ఈ లిఫాఫా మనం రోజూ చూస్తూనే ఉన్నాం. తెలుగు వికీపీడియాలో కర్నూలు పేజీ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టండి. చాలాసార్లు పర్సెంట్ గుర్తుల గుట్ట ఒకటి ఊడిపడుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని చూసి వైరస్ అనుకొని డిలీట్ చేస్తారు. అది వైరస్ కాదు, "కర్నూలు" అన్న మాట. ఏడు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తుల లిఫాఫా, మొత్తం 63 గుర్తులు.

నేను పత్రికలో చేరిన కొత్తలో తెలుగు పేజీలు అను ఫాంట్లలో, ఉర్దూ రాతలు ఇన్‌పేజ్‌లో కొట్టేవాళ్లం. ఆ ఫాంటు లేని కంప్యూటరులో మన రాత తెరిస్తే ఇంగ్లీషు గుర్తుల కిచిడీ కనిపించేది. ఎందుకంటే ఆ ఫాంట్లలో "క"కు సొంత నంబరు లేదు, ఏదో ఇంగ్లీషు గుర్తు నంబరు మీద "క" బొమ్మ కూర్చునేది. అలాంటి రాతను ఎంత జాగ్రత్తగా లిఫాఫాలో పెట్టినా అవతల విప్పితే కిచిడీయే.

యూనికోడ్ ఆ బాధ తీర్చింది. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు అక్షరాలకు, అరబీ ఫార్సీ ఉర్దూ హురూఫ్‌కు సొంత నంబర్లు దొరికాయి. ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనం బల్ల మీది కాగితంపై గీశారట. అందులో 2047 దాకా నంబరున్న అక్షరాలకు రెండు బైట్లు చాలు. అరబీ లిపి వరస 1536 దగ్గర మొదలవుతుంది కాబట్టి ఉర్దూ హర్ఫ్‌కు రెండు. తెలుగు వరస 3072 దగ్గర మొదలవుతుంది, మూడు బైట్లు కావాలి. అందుకే కడపను తెలుగులో రాస్తే లిఫాఫాలో 27 గుర్తులు, ఉర్దూలో నాలుగు హురూఫ్‌తో రాస్తే 24. ఇంగ్లీషువాళ్ల పాత స్పెల్లింగ్‌కు లిఫాఫానే అక్కర్లేదు, ఎనిమిది అక్షరాలు ఎనిమిదే.

ఇది చూసి నాకు మొదట కోపం వచ్చింది. వాళ్ల మాట నేరుగా దర్జాగా పోతుంటే మన మాట మూటలు కట్టుకొని పోవాలా అని. తర్వాత ఆలోచిస్తే కోపం వేరేచోటికి మళ్లింది. ఆ 27 గుర్తులు అవతల విప్పితే "కడప" అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. మన పేర్లను చెడగొట్టింది లిఫాఫా కాదు, లిఫాఫా లేకుండా ఇంగ్లీషులోకి మార్చి రాసిన కలం.

ఈ ఊరినే చూడండి. గోల్కొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ పేరు మీద నేక్‌నామాబాద్ అన్నారు. కంపెనీ దొరలు తమ నోటికొచ్చినట్టు రాసుకున్న స్పెల్లింగ్ 2005 దాకా బోర్డుల మీద ఉంది. ఆ తర్వాత ఇంగ్లీషులోనూ కడప అయింది. జిల్లా 2010లో వైఎస్ఆర్ జిల్లా, 2025లో వైఎస్ఆర్ కడప. మన కేసీ కెనాల్ పేరులోని "సీ" మాత్రం ఆ పాత దొర స్పెల్లింగ్‌దే, ఈ రోజుకీ నీళ్లతోపాటు పారుతోంది. మనిషికి ఇవన్నీ ఒకే ఊరు. యంత్రానికి ఊరు అన్న ఖానాలో ఒక్క అక్షరం వేరైతే ఊరే వేరు.

మన పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. షేక్ అన్న ఒక్క మాటను ఆధార్‌లో ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా, పదో తరగతి మెమోలో రెండక్షరాల పొట్టి రూపంగా రాయించుకున్న కుటుంబాలు మనలో ఎన్నో. స్కాలర్‌షిప్ అర్జీ వెనక్కొచ్చినప్పుడు ఆ పిల్లల అమ్మీలు తిరిగిన దఫ్తర్లు నేను చూశాను.

సొంత లిపిలో రాసినా కొన్ని కనిపించని గుంతలున్నాయి. మన సీమలో ఇంటికొకరుండే పేరు ఇమామ్‌బీ. ఇందులో "మ్"కూ "బీ"కీ మధ్య కంటికి కనబడని ఒక సంకేతం ఉంటుంది, రెండూ అతుక్కొని ఒత్తు పడకుండా ఆపడానికి. ఒకరు దాంతో కొట్టి, ఇంకొకరు అది లేకుండా కొడితే లిఫాఫాలో తొమ్మిది గుర్తుల తేడా, వెతికితే మనిషి దొరకదు. ఉర్దూలో "యే"కు రెండు నంబర్లున్నాయి, అరబీ కీబోర్డుది ఒకటి, ఉర్దూ ఫార్సీ కీబోర్డుది ఒకటి. "షేఖ్" అని ఉర్దూలో రాస్తే మధ్యలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, యంత్రానికి రెండూ వేరు. ఒక్క నుఖ్తా చోటు మారితే ఖుదా జుదా అవుతుందని బడిలో మౌల్వీ సాబ్ చెప్పిన పాఠం ఇక్కడికీ పనికొచ్చింది.

చేత్తో కుట్టొద్దు

ఆ రాత్రి తరావీహ్ అయ్యాక భాంజా పక్కన కూర్చున్నాను. వాడి కోడ్‌లో ముక్కల్ని ప్లస్ గుర్తులతో చేత్తో అతికించి ఉంది. మొదట ఖానా పేరు, తర్వాత "=", తర్వాత నింపినవాడి మాట ఉన్నదున్నట్టుగా, మళ్లీ "&".

"రేయ్, ఈ మాట ఎవరిది?"

"ఫారం భర్నేవాలోఁ కా, మామూ."

"మరి దానికి లిఫాఫా ఏది?"

వాడికి బల్బు వెలిగింది. ఆ తర్వాత నాకు వాడే చెప్పాడు, నేను రాసుకున్నాను. చేత్తో కుట్టే అవసరమే లేదట. జావాస్క్రిప్ట్‌లో ఎన్‌కోడ్ యూఆర్ఐ కాంపొనెంట్ అనే పనిముట్టు ఒక్కో మాటను లిఫాఫాలో పెడుతుంది. యూఆర్ఎల్ సెర్చ్ పారామ్స్ అనేదానికి ఖానాలు, మాటలు అప్పగిస్తే దండంతా అదే కడుతుంది. పైథాన్‌లో యూఆర్ఎల్ ఎన్‌కోడ్, పీహెచ్‌పీలో హెచ్‌టీటీపీ బిల్డ్ క్వెరీ ఇదే పని చేస్తాయి.

పనిముట్టు ఉన్నా తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ పిల్లలు ఈ పనిలో ఉంటే ఇది చదివి వినిపించండి.

లిఫాఫా ఒక్కో మాటకు విడిగా వేయాలి. మొత్తం దండకు కలిపి వేస్తే గోడలూ తలుపులూ లిఫాఫాలోకి పోయి ఏ ఖానా ఏదో తెలియదు. రెండు సార్లూ వేయకూడదు. %26 మీద ఇంకోసారి వేస్తే %2526 అవుతుంది, చదివేవాడికి "&" బదులు "%26" కనిపిస్తుంది.

ఫోన్ నంబరు ముందు +91 రాస్తాం. లిఫాఫా లేకపోతే ఆ ప్లస్‌ను పాత ఐఎస్ఇండెక్స్ రివాజు ప్రకారం ఖాళీ జాగా అనుకుంటుంది. తిరగేసి కూడా జరుగుతుంది. కొన్ని పనిముట్లు ఖాళీ జాగాకు ప్లస్ పెడతాయి, ఫారం రివాజు పాటించని యాప్ దాన్ని ప్లస్‌గానే చూపిస్తుంది. యూపీఐ లింకుకు %20 భద్రం. ఇంటి నంబరు ముందు "#" పెట్టే అలవాటు మనకుంది. పతాలో "#" వస్తే ఆ తర్వాతిదంతా బ్రౌజరు తన దగ్గరే ఉంచుకుంటుంది, అవతలికి పంపనే పంపదు.

ఇంకోటి బద్‌మాషీ సంగతి. మాట ఖానాలో ఎవడైనా "జకాత్&ఏఎం=1" అని రాస్తే? లిఫాఫా లేకపోతే మొత్తం అన్న ఖానా రెండుసార్లు వస్తుంది. కొన్ని ప్రోగ్రాములు మొదటిది తీసుకుంటాయి, కొన్ని చివరిది, కొన్ని రెండూ కలిపేస్తాయి. ఇటలీకి చెందిన లూకా కారెట్టోని, స్టెఫానో ది పావోలా 2009లో దీన్ని భద్రతా సదస్సులో వివరంగా చూపించారు. ఖాళీ ఖానాలో అబ్బా గీత ఎందుకు కొట్టేవారో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

చివరిగా, లిఫాఫా అంటే తాళం కాదు. ఎవరైనా విప్పి చదవొచ్చు. పతాలో రాసింది బ్రౌజరు హిస్టరీలో ఉంటుంది, సర్వరు రోజ్‌నామాలో పడుతుంది. ఆధార్ నంబరు, ఆడపిల్లల వివరాలు, ఎవరికి ఇమ్దాద్ ఇచ్చారన్న సంగతి ఎన్నడూ "?" తర్వాత పెట్టకూడదు. దానికి పోస్ట్ అనే వేరే దారి ఉంది, మాటలు పతాలో కాకుండా లోపల పోతాయి.

ఈద్ ముందు రోజు

కోడ్ సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. అప్పటికే తెగిపోయి వచ్చిన మాటల్ని మాత్రం ఏ కోడూ తిరిగి తేలేదు. మున్షీ సాబ్, నేను, భాంజా ముగ్గురం కూర్చొని ఆ లింకు నుంచి డబ్బు పంపిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాం. "మీ దాంట్లో జకాత్ ఎంత, ఫిత్రా ఎంత?" కొందరు కసురుకున్నారు. కొందరు అడిగి మంచి పని చేశారన్నారు. భాంజా ఒక నోటుబుక్కులో రెండు ఖానాలు గీసి చేత్తో రాశాడు. ఖాళీ ఉన్నచోట అడ్డంగా గీత కొట్టడం నేనే నేర్పించాను.

ఖాలాకు చివర ఫోన్ చేశాం. అంతా విని, "ఇత్తా సా నిషాన్ మేరా ఫిత్రా ఖా గయా రే?" అని నవ్వింది. చాంద్ రాత్ నాడు ఫిత్రా డబ్బులు లెక్క ప్రకారం విడదీసి, ఈద్‌గాహ్‌కు జనం బయల్దేరక ముందే గరీబుల ఇళ్లకు చేర్చాం.

ఇప్పుడు మస్జిద్ గోడ మీద రెండు క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి, జకాత్‌కు ఒకటి, ఫిత్రాకు ఒకటి. మీ మొహల్లాలో కూడా ఇలాంటి లింకు ఉంటే ఒక రూపాయి పంపి చూడండి. కింద మాటలో "&", "+", "#" మూడూ రాయండి. స్టేట్‌మెంటులో మీరు రాసింది రాసినట్టు వస్తే సరే. తెగి వస్తే, లింకు చేసిన పిల్లవాణ్ని తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకొని ఇది చదివించండి.

ఖుదా హాఫిజ్.